ఆ గ్రీజు సలహా వెనక్కి తీసుకోండి

సంపాదకుల వారికి,

పోయిన ఆదివారం మీ వాహనాల పేజీలో ఒక పాఠకుడికిచ్చిన జవాబు చదివి ఒళ్లు మండిపోయింది. సర్వీసింగులో బ్రేకు ప్యాడ్లు మార్పించిన దగ్గర్నుంచి కారు కీచుమంటోంది, ఏం చేయమంటారని ఆయన అడిగారు. మీ శీర్షిక రచయిత నాలుగు ముక్కల్లో తేల్చేశారు. కొత్త ప్యాడ్లు కొన్నాళ్లు శబ్దం చేయడం మామూలేనట, కంగారు పడక్కర్లేదట, మరీ చిరాగ్గా ఉంటే ప్యాడ్లకు కాస్త గ్రీజు రాయించుకోవాలట. ఎక్కడ రాయాలో చెప్పకుండా ‘ప్యాడ్లకు గ్రీజు’ అని ఇంతమంది చదివే పేపర్లో ఎలా వేశారండీ? అచ్చుకు వెళ్లే ముందు ఒక్కరైనా చూడలేదా?

బ్రేకు పనిచేసేదే రాపిడి మీద. పెడల్ తొక్కగానే కాలిపర్ రెండు ప్యాడ్లనూ తిరిగే డిస్కుకు అటూ ఇటూ అదిమి పడుతుంది. బండి వేగంలోని శక్తంతా ఆ రాపిడిలో వేడిగా మారిపోతేనే చక్రం ఆగుతుంది. డిస్కును తాకే ముఖానికి గ్రీజు అంటిందంటే ఆ చక్రం పట్టదు. ఒకవైపు పట్టి రెండోవైపు పట్టకపోతే బండి పక్కకు లాగేస్తుంది. గ్రీజు రాయాల్సిన చోట్లు వేరు. కాలిపర్ జారే పిన్నులకు, ప్యాడ్ చెవులు క్లిప్పుల్లో కూర్చునే దగ్గర, ప్యాడ్ వీపు మీద పల్చగా రాస్తారు. అదీ వేడికి తట్టుకునే, బ్రేకుల కోసమే అమ్మే రకం. చేతికందిన గ్రీజేదో పూస్తే పిన్నుల మీది రబ్బరు తొడుగులు ఉబ్బిపోయి పిన్ను బిగుసుకుంటుంది. ఆదివారం పూట ఇంటిముందు చక్రం ఊడదీసుకుని, మీ పేజీ పక్కన పెట్టుకుని, ప్యాడ్ ముఖానికే శ్రద్ధగా గ్రీజు పూసే కుర్రాడు ఒక్కడుంటే చాలు. సోమవారం పొద్దున వాడు ఎవరిని గుద్దుతాడో ఆలోచించారా?

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. బోర్డు మీద సుద్దముక్కను నిలువుగా పట్టి గీస్తే కీచుమంటుంది, క్లాసంతా చెవులు మూసుకుంటుంది. అక్కడ సుద్ద నున్నగా జారడం లేదు. అంటుకుని, వదిలి, మళ్లీ అంటుకుని, సెకనుకు వేల సార్లు వణుకుతోంది. బ్రేకు కీచుమనడమూ ఇదే. ప్యాడ్ తన చోట గట్టిగా కూర్చోకపోయినా, వెనక ఉండాల్సిన రేకు లేకపోయినా, ముఖం అద్దంలా నున్నబడినా ఆ వణుకు పెద్దదై డిస్కు మొత్తం మోగుతుంది. కాబట్టి శబ్దానికి కారణం ఉంటుంది. ఆ కారణం చక్రం విప్పితేనే కనబడుతుంది. విప్పకుండా ‘మామూలే’ అనడానికి మీ రచయితకు గానీ, ఏ మెకానిక్‌కి గానీ హక్కు లేదు.

ఈ ‘మామూలే’ నాకు కొత్త కాదు. నా కారుకు ముందు ప్యాడ్లు మార్పించాను. ఏ సర్వీసు సెంటరో ఇక్కడ చెప్పను. బండి తెచ్చుకున్న మర్నాడే బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర నెమ్మదిగా బ్రేకు వేస్తే, పక్క స్కూటరు మీది ఆవిడ ఉలిక్కిపడి తిరిగి చూసింది. వెనక సీట్లో మా అమ్మ. అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లే బండి అది. వెనక్కి తీసుకెళ్లి అడిగితే అడ్వైజర్ కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా, “కొత్త ప్యాడ్లు కదా మేడమ్, తిరిగేకొద్దీ సెట్టయిపోతాయి” అన్నాడు. తిప్పాను. తగ్గకపోగా పెరిగింది. మళ్లీ వెళ్తే, “వానలు కదా, డిస్కు తుప్పు పట్టుంటుంది” అన్నాడు. రాత్రంతా వానలో తడిసిన డిస్కుకు పల్చగా తుప్పు పట్టే మాట నిజమే. పొద్దున్నే నాలుగుసార్లు బ్రేకు వేస్తే అది రాలిపోతుంది. నా బండి మిట్టమధ్యాహ్నం కీచుమంటోందని చెప్పాను. అప్పుడతను అన్న మాట ఇది: “సార్‌ని ఒకసారి రమ్మనండి మేడమ్, ఆయనకు ఎక్స్‌ప్లెయిన్ చేస్తాం.”

మావారికి డ్రైవింగ్ రాదు. కారు నా పేరు మీద ఉంది, నడిపేది నేను, డబ్బు కట్టింది నేను. ఆ శబ్దం విన్నదీ నేనే. ఆడవాళ్లు బ్రేకుల గురించి అడిగితే జవాబు మగవాళ్లకు చెబుతామనే ఈ తీరు ఎన్ని కౌంటర్ల దగ్గర నడుస్తోందో మీ పేపర్లోని ఆడ విలేకరులను అడగండి, వాళ్లే చెబుతారు.

చివరికి రెండు డిస్కులూ మార్చాలంటూ ఎస్టిమేటు నా చేతిలో పెట్టారు. మార్చే ముందు కొలిచి చూపించమన్నాను. డిస్కు ఎంత మందం దాకా అరగవచ్చో ఆ అంకె సాధారణంగా డిస్కు మీదే అచ్చొత్తి ఉంటుంది. మైక్రోమీటర్ పెట్టి కొలవడం నిమిషం పని. “సిస్టమ్‌లో అలా వచ్చింది మేడమ్” అన్నారు. సరే, తీసేసిన పాత ప్యాడ్లయినా చూపించమంటే స్క్రాప్‌లో వేసేశామన్నారు. వర్క్‌షాపులోకి వస్తానంటే కస్టమర్లకు ప్రవేశం లేదట. ఏసీ గదిలో కూర్చుని కాఫీ తాగమన్నారు.

ఆ గదిలోనే కంకిపాడు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన తన బిల్లు నా చేతికిచ్చి, “ఇదేంటో కాస్త చదివి పెట్టమ్మా” అన్నారు. మొత్తం ఇంగ్లీషే. ఆయన ఆయిల్ మార్పించడానికి వచ్చారు. బిల్లులో ఏసీ శానిటైజేషన్, ఇంజన్ డీకార్బనైజింగ్, బండి అడుగున కోటింగ్ ఉన్నాయి. ఇవన్నీ మీరు చేయమన్నారా అంటే, సంతకం పెట్టమంటే పెట్టానన్నారు. జాబ్ కార్డు తెలుగులో ఇస్తే ఆ సంతకం పెట్టేవారా? బండి అమ్మేటప్పుడు హోర్డింగు నిండా తెలుగు రాస్తారు, డబ్బు వసూలు చేసే కాగితం మీద మాత్రం అక్షరం కనబడదు. మీ వాహనాల పేజీలో కొత్త మోడళ్ల ఫొటోలకు సగం పేజీ ఇస్తున్నారు. ఈ బిల్లుల గురించి ఒక్క కథనమైనా వేసిన గుర్తు నాకు లేదు.

చివరికి నా కారు ఆటోనగర్‌లో బాగుపడింది. చిన్న షెడ్డు, పెద్ద వయసు మేస్త్రి. ముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని బండి నడిపి శబ్దం విన్నారు. తర్వాత చక్రం విప్పి, “ఇటు రండమ్మా, మీరే చూడండి” అని టార్చి వేశారు. ప్యాడ్ వెనక ఉండాల్సిన పల్చటి రేకు లేదు. పాత ప్యాడ్లతో పాటే పారేసినట్టున్నారు. క్లిప్పుల్లో ఒకటి వంకరపోయి ఉంది. కాలిపర్ కింది పిన్ను ఎండిపోయి బిగుసుకుపోయింది. పట్టుకారుతో పట్టి తిప్పితే గానీ కదల్లేదు. దాంతో కొత్త ప్యాడే ఒక చివర ఎక్కువగా, ఇంకో చివర తక్కువగా అరిగింది. దాన్ని నా అరచేతిలో పెట్టి, “వేలితో తడమండి, వాలు తెలుస్తుంది” అన్నారు. తెలిసింది. డిస్కు కొలిచి, మీద ఉన్న అంకె నాకే చదివి వినిపించారు. మార్చాల్సిన పని లేనేలేదు. పిన్నులు కడిగి గ్రీజు పెట్టి, కొత్త క్లిప్పులు, రేకులు వేసి, అరిగిన ప్యాడ్లు మళ్లీ మార్చారు. ఖాళీ రోడ్డు మీద యాభై, అరవై వేగంలో వెళ్తూ పదిహేనుకు తగ్గేదాకా నిదానంగా బ్రేకు వేయడం, కాసేపు వదిలి చల్లారనివ్వడం, మళ్లీ వేయడం దగ్గరుండి చేయించారు. ప్యాడ్ పదార్థం పల్చటి పొరలా డిస్కుకు సమంగా పట్టాలంటే అలా చేయాలి. సర్వీసు సెంటరు వాళ్లు నాకు ఈ ముక్క చెప్పనే లేదు. మీ రచయితా రాయలేదు. ‘కొన్నాళ్లు మామూలే’ అనే మాటలో కాస్త నిజం ఉందంటే అది ఈ దశకే వర్తిస్తుంది, ఆ శబ్దం రోజురోజుకీ తగ్గాలి. పెరుగుతోందంటే బండి వెనక్కి తీసుకెళ్లాల్సిందే.

అన్ని శబ్దాలూ ఒకటి కావు కూడా. బ్రేకు వేసినప్పుడు గరగరమని ఇనుము ఇనుముకు ఒరిసిన శబ్దం వస్తే ఆ బండి ఇక నడపకూడదు, లాక్కెళ్లాలి. బ్రేకు వేయకుండానే చక్రం తిరిగినప్పుడల్లా గీరుకుంటుంటే డిస్కు వెనక దుమ్ము రేకు వంగి తగులుతుండొచ్చు, రాయి ఇరుక్కుని ఉండొచ్చు. చాలా ప్యాడ్లకు అరుగుదల తెలిపే చిన్న ఇనప నాలుక ఉంటుంది. ప్యాడ్ పల్చబడ్డాక డిస్కుకు తగిలి అరవడమే దాని పని. ఆ అరుపును కూడా ‘మామూలే’ అని సరిపెట్టుకోమంటారా?

పాఠకుడికి చట్టం సంగతి కూడా చెప్పాల్సింది. డబ్బు తీసుకుని పని సరిగా చేయకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అది సేవాలోపం. ముందు 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడా తేలకపోతే రెండేళ్ల లోపు జిల్లా కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. బిల్లు, జాబ్ కార్డు దాచుకోవాలి. పాత సామాను తిరిగి ఇవ్వమని పని మొదలుపెట్టక ముందే కాగితం మీద రాయించుకోవాలి.

నేను అడిగేది ఒకటే. గ్రీజు సలహాను వెనక్కి తీసుకుంటూ, ఎక్కడ రాయాలో, ఎక్కడ రాయకూడదో చెబుతూ సవరణ వేయండి. అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయండి, ఏడో పేజీ అడుగున కనపడని మూల కాదు. కార్తీకం వస్తోంది. మా వీధి నుంచే ఎన్నో కుటుంబాలు సొంత కార్లలో శ్రీశైలం వెళ్తాయి. తిరుగు ప్రయాణంలో శిఖరం నుంచి దోర్నాల దాకా ఘాట్ దిగాలి. వాళ్లు బయల్దేరక ముందే ఆ సవరణ రావాలి.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ లెక్చరర్,
పటమట, విజయవాడ