తలకోన ముహూర్తం

జలపాతానికి వెళ్లేవారు సెలవులు చూచి ముహూర్తం పెట్టుకుంటారు గాని, నీళ్లు చూచి కాదు. తలకోన 270 అడుగుల జలపాతమే, కాని నీళ్లుంటే గదా దూకడం! శేషాచలంలో ఈశాన్య ఋతుపవనం వానలు పడ్డాకనే దాని అందం. మే నెలలో రాళ్లు చూడాలంటే మా తొండూరు చాలదూ?

పిల్లలు వేసవిలోనే పోదామంటారు. మా అమ్మ కార్తీకమంటుంది. సిద్ధేశ్వరస్వామి దర్శనం కూడా అవుతుందట. నా ఓటు అమ్మకే. గుడి దాటాక జలపాతం దగ్గరకు కాలినడక. ఈ ఏడు ఆమె నడవగలదు. వచ్చే ఏటి సంగతి మోకాళ్లు చెప్పాలి. బడికి రెండు రోజుల సెలవుచీటి నేనే రాస్తాను.

దారి పులివెందుల, రాయచోటి, పీలేరు, భాకరాపేటల మీదుగా. 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయవనంగా ప్రకటించిన అడవి ఇది. దేవాంగపిల్లీ, బంగారుబల్లీ రాత్రి సంచారులు, పగటివేళ పోయే మనకు కనబడవు. కోతులు మాత్రం తప్పక కనబడతాయి, పులిహోర డబ్బా జాగ్రత్త! ఎర్రచందనం చెట్టును పిల్లలకు తప్పక చూపాలి. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప అది ప్రపంచంలో మరెక్కడా తనంతట తాను మొలవదు.

వాన మరీ ఉధృతమైతే అటవీశాఖవారు జలపాతం వద్దకు పోనివ్వరు. అందుకని ఒక రోజు అదనంగా చేతిలో ఉంచుకున్నాము.