ఏకపత్నీవ్రతం అంటే ఒక్క సర్టిఫికెట్టేనా?

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరిలో ఉమ్మడి పౌరస్మృతి అమల్లోకి వచ్చింది. అదే ఏడాది నవంబరులో అస్సాం శాసనసభ బహుభార్యత్వాన్ని నిషేధిస్తూ బిల్లు ఆమోదించింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన వాట్సాప్ గ్రూపుల్లో వినిపించే మాట ఒకటుంది: "అది వాళ్ళ గొడవ, మనకెప్పుడూ ఒక్క పెళ్ళే కదా!"

నిజంగా ఎప్పుడూ అంతేనా? దశరథుడికి ముగ్గురు రాణులు. రాముడు ఒక్క భార్యతో ఉండటాన్ని వ్రతంగా చెప్పుకున్నామంటేనే అది మామూలు సంగతి కాదని అర్థం. మద్రాసు రాష్ట్రంలో 1949లో, ఆ తర్వాత 1955 నాటి హిందూ వివాహ చట్టంతో రెండో పెళ్ళికి అడ్డుకట్ట పడింది. అంతకుముందు హిందూ పురుషుడికి ఇన్ని పెళ్ళిళ్ళే అన్న లెక్క చట్టంలో లేదు. మరోవైపు, ముస్లింలే ఎక్కువగా ఉన్న ట్యునీసియా 1956లోనే బహుభార్యత్వాన్ని నిషేధించింది. ఏ మతమైనా దీన్ని పుట్టుకతో వచ్చిన ఘనతగా చెప్పుకోవడానికి లేదు.

మన భాషలోనే ఇంకో సంగతి దాగి ఉంది. మగవాడికి 'ఏకపత్నీవ్రతుడు' అని ప్రత్యేకంగా బిరుదు. ఆడదానికి ఉత్త 'పతివ్రత'. అక్కడ 'ఏక' అవసరమే రాలేదు, ఒక్కడే అని ముందే తేల్చేశారు. చట్టం కూడా చాలాకాలం అలాగే నడిచింది. సుప్రీంకోర్టు 2018లో కొట్టేసేదాకా, 497 సెక్షన్ కింద వివాహేతర సంబంధంపై ఫిర్యాదు హక్కు భర్తదే. భార్యకు ఆ హక్కు లేదు.

ఇక మనలాంటి కుటుంబాలకు నేరుగా తగిలే కేసు ఒకటుంది. 1975లో తిరుపతిలో ఒక జంటకు పెళ్ళయింది. తర్వాత విడిపోయారు. అమెరికా వెళ్ళిన భర్త 1980లో మిస్సోరీ కోర్టు నుంచి, భార్య హాజరు కాకుండానే, విడాకుల డిక్రీ తెచ్చుకున్నాడు. 1981లో యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య కేసు పెట్టింది. ఆ డిక్రీని గుర్తించలేమని 1991లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అతని చేతిలో విడాకుల కాగితం ఉంది. కానీ ఇండియా చట్టం దృష్టిలో మొదటి పెళ్ళి ఇంకా బతికే ఉంది.

భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్‌లో రెండో పెళ్ళికి ఏడేళ్ళ వరకు శిక్ష. మొదటి పెళ్ళి సంగతి దాచిపెట్టి చేసుకుంటే పదేళ్ళ వరకు. అంటే దాపరికాన్ని చట్టం ఇంకా పెద్ద తప్పుగా చూస్తోంది. దక్షిణాఫ్రికాలో 1998 చట్టం సంప్రదాయ పద్ధతిలో ఒకటికి మించిన పెళ్ళిళ్ళను గుర్తిస్తుంది. కానీ ఆస్తి ఎలా పంచుతారో రాసుకుని, కోర్టు ఆమోదం తీసుకోమంటుంది. ఆ పద్ధతి మనకు కావాలని అనడం లేదు. అయితే అక్కడ పెళ్ళిళ్ళు ఎక్కువైనా అందరికీ తెలిసే జరగాలన్న నియమం ఉంది. ఇక్కడ రికార్డులో ఒక్క పెళ్ళే ఉండి, ఊళ్ళో ఉన్న భార్యకు విదేశంలోని ఇంకో సంసారం సంగతి తెలియకపోతే, దాన్ని ఏకపత్నీవ్రతం అని ఏ నోటితో అంటాం?

సంబంధాలు చూసేటప్పుడు జీతం, వీసా అడిగినంత చొరవగా ఇంకొన్ని ప్రశ్నలూ అడగాలి. ఇదివరకు పెళ్ళయిందా? విడాకులు ఏ దేశం కోర్టు ఇచ్చింది? అవతలివాళ్ళు ఆ కోర్టుకు వచ్చారా, ఒప్పుకున్నారా? ఇండియాలో ఉన్న అమ్మాయికి విదేశీ కోర్టు నోటీసు వస్తే, అంతా అయిపోయిందని కూర్చోకుండా వెంటనే లాయరును కలవమని చెప్పాలి.

ఎన్ని పెళ్ళిళ్ళన్నది చట్టం లెక్కపెడుతుంది. ఎదుటి మనిషికి నిజం చెప్పామా లేదా అన్నది మాత్రం ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి.