చుట్టాలింట్లో దిగితే చవకేనా?

న్యూయార్క్ చూడాలని ఉందని ఎవరితోనైనా అనండి, సలహా తయారుగా ఉంటుంది: "న్యూజెర్సీలో, ఎడిసన్‌లో మనవాళ్లు లేరా? వాళ్లింట్లో దిగు. హోటళ్లకు డబ్బు తగలెయ్యడమెందుకు? ఒక శనివారం కార్లో తీసుకెళ్లి అన్నీ చూపించేస్తారు." చుట్టాలు లేనివాళ్లకు ఇదే సలహా కాస్త మారి వస్తుంది: న్యూజెర్సీ హైవే పక్కన చవక మోటెల్ చూసుకో, కారు అద్దెకు తీసుకో. రెండూ పొదుపు పేరుతో చెలామణి అవుతున్న దుబారా మార్గాలే. న్యూయార్క్‌లో జేబు ఖాళీ చేసేవి దూరం, తొందర. ఈ సలహాలు వింటే ఆ రెండూ తప్పవు.

ముందు కారు లెక్క చూద్దాం. న్యూజెర్సీ నుంచి సొరంగంలోంచి మన్‌హట్టన్‌లోకి రావాలంటే టోలే పదిహేను డాలర్లకు అటూ ఇటూ. 2025 జనవరి 5 నుంచి 60వ వీధికి దిగువన అడుగుపెట్టే కార్లకు పగటిపూట 9 డాలర్ల రద్దీ రుసుము కూడా పడుతోంది. సొరంగంలోంచి వచ్చేవాళ్లకు అందులో కొంత మినహాయింపు ఉన్నా, పార్కింగ్ దగ్గర ఆ ముచ్చటా తీరిపోతుంది. ఊరి నడిబొడ్డున కారు పెట్టుకోవడానికి నలభై, యాభై డాలర్లు అడగడం మామూలే. పోనీ రైలెక్కుదామంటే ఎడిసన్ నుంచి మన్‌హట్టన్‌లోని పెన్ స్టేషన్‌కు సుమారు గంట, ఒకవైపు టికెట్టే పది డాలర్లు దాటుతుంది. నలుగురు పెద్దవాళ్లు రానూపోనూ తిరిగితే రోజుకు ఎనభై డాలర్ల పైమాట.

ఇక చుట్టాలకయ్యే ఖర్చు ఎవరి లెక్కలోకీ రాదు. సెలవు పెట్టేది బావమరిది, గ్యాస్ కొట్టించేది బావమరిది, పార్కింగ్ దగ్గర కార్డు తీసేదీ బావమరిదే. మన జేబులోంచి పోనంత మాత్రాన అది పొదుపైపోతుందా? ఆత్మీయులను చూడటానికి తప్పక వెళ్లండి, రెండు రోజులుండి కబుర్లు చెప్పుకోండి. ఊరు చూపించే పని మాత్రం వాళ్ల నెత్తిన పెట్టకండి.

తొందర సంగతి ఇంకా దారుణం. ఒక్క రోజులో అన్నీ చూసెయ్యాలనుకునేవాడికి నడిచే తీరిక ఉండదు. టూరిస్టు బస్సుకు కట్టాలి, మేడల పైకెక్కే టికెట్లకు కట్టాలి, మధ్యలో టాక్సీకి కట్టాలి. అంతా కట్టి సాయంత్రానికి టైమ్స్ స్క్వేర్‌లో ఒక ఫొటోతో బయటపడతాడు.

అదే ఊళ్లోనే దిగినవాడి సంగతి చూడండి. క్వీన్స్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో గది తీసుకుంటే, నది దాటగానే మన్‌హట్టన్. సబ్‌వే ఇరవై నాలుగు గంటలూ నడుస్తుంది. ఎంత దూరమైనా టికెట్టు సుమారు మూడు డాలర్లే. ఒకే కార్డును గేటు దగ్గర తాకిస్తూ పోతే, వారంలో పన్నెండు ప్రయాణాలయ్యాక మిగతావి ఉచితం. మనిషికో కార్డు ఉంటే చాలు. స్టాటెన్ ఐలాండ్ ఫెర్రీ పూర్తిగా ఉచితం, ఇరవై అయిదు నిమిషాల ప్రయాణంలో స్వేచ్ఛా ప్రతిమ కళ్లెదుటే కనిపిస్తుంది. రేవు దగ్గర దానికి టికెట్లు అమ్మచూపేవాళ్లను మాత్రం నమ్మకండి. 1883 నాటి బ్రూక్లిన్ వంతెన మీద నడకకు డబ్బివ్వక్కర్లేదు. 843 ఎకరాల సెంట్రల్ పార్కుకూ, పాత గూడ్సు రైలు పట్టాలమీద వెలసిన హైలైన్‌కూ, 42వ వీధి దగ్గరి పబ్లిక్ లైబ్రరీకీ, బౌలింగ్ గ్రీన్‌లోని అమెరికన్ ఇండియన్ మ్యూజియానికీ ప్రవేశ రుసుము లేదు. ఫ్లషింగ్‌లోని గణేశుడి గుడి క్యాంటీన్‌లో దోసె దొరుకుతుంది. సబ్‌వే దిగాక కొంత నడవాలి, అంతే.

పాత చిట్కాలన్నీ పనిచేస్తాయని కాదు. మెట్రోపాలిటన్ మ్యూజియంలో తోచినంత ఇచ్చి వెళ్లొచ్చని ఇంకా చెబుతుంటారు. 2018 నుంచి ఆ సౌకర్యం న్యూయార్క్ రాష్ట్రవాసులకూ, చుట్టుపక్కల విద్యార్థులకూ మాత్రమే. మనం 30 డాలర్లు కట్టాలి. కట్టండి, రోజంతా చూడొచ్చు.

"మరి హోటల్ గది?" అంటారు. నిజమే, అదీ పెద్ద ఖర్చే. అద్దె మీద 14.75 శాతం పన్ను, దానికితోడు రోజుకు మూడున్నర డాలర్లు. 2023 సెప్టెంబరు నుంచి కఠినంగా అమలవుతున్న నిబంధనల వల్ల, ఇంటివాళ్లు కూడా అక్కడే ఉంటే తప్ప ఇంటిని నెల కన్నా తక్కువ కాలానికి అద్దెకివ్వడం కుదరదు కాబట్టి హోటల్ బదులు ఇల్లు తీసుకునే దారీ దాదాపు మూసుకుపోయింది. అయినా దీనికి మందు ఊరవతల లేదు, కాలంలో ఉంది. కొత్త సంవత్సరం సందడి తగ్గాక జనవరి, ఫిబ్రవరిల్లో గదుల ధరలు బాగా దిగుతాయి. చలి కోటు అరువు తెచ్చుకోవచ్చు. ఇంకో మందు, అదే ప్రయాణంలో నయాగరా, వాషింగ్టన్, ఓర్లాండోలను కుక్కకపోవడం. ఆ టికెట్ల డబ్బుతో న్యూయార్క్‌లోనే ఇంకొన్ని రాత్రులు ఉండొచ్చు.

పొదుపు పనికిరాని చోటు ఒకటుంది, ప్రయాణ ఆరోగ్య బీమా. అమెరికాలో ఒక్కసారి ఎమర్జెన్సీకి వెళితే బిల్లు వేల డాలర్లకు చేరగలదు. ఇక తిండి ఖర్చుకొస్తే, టేబుల్ దగ్గర వడ్డించే హోటళ్లలో బిల్లు మీద పన్ను, 18 నుంచి 20 శాతం టిప్పు కలుపుకొనే లెక్క వేసుకోండి. కౌంటర్ దగ్గర కొనుక్కుంటే ఆ టిప్పు బాధ ఉండదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "అక్కడ మీకెవరున్నారు?" అని అడిగితే తటపటాయించకండి. ఎవరూ లేకపోయినా న్యూయార్క్ చూడొచ్చు. చుట్టాల జాబితా పక్కన పెట్టి, ముందు సబ్‌వే మ్యాపు తెరవండి. స్టేషనుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో గది వెతకండి.