లండనులో మన అమరావతి

మన కెలమంగలము, హోసూరు ప్రాంతముల తెలుగువారు నేడు లండను చూచి వచ్చుచున్నారు. సంతోషమే. కాని థేమ్సు నదిపై వంతెనను, రాజభవనమును చూచి మరలుట చాలదని మా అభిప్రాయము. 1845లో వాల్టర్ ఇలియట్ దొర అమరావతిలో త్రవ్వించిన సున్నపురాతి శిల్పములు 1859లో లండనుకు చేర్చబడినవి. 1880 నుండి బ్రిటిష్ మ్యూజియములో నున్నవి. ప్రవేశ రుసుము లేదు. కృష్ణాతీరమున మన పూర్వుల చేతిపని యది.

సరుకు విలువ తెలియనివానికి అంగడి చూచిన ఫలమేమి? అమరావతి యెరుగని పిల్లలకవి వట్టి రాళ్లే. కనుక ముందుగా చెన్నపట్టణమున ఎగ్మూరు మ్యూజియములోని అమరావతి శిల్పములను పిల్లలకు చూపుడు. ఇంట తెలుగక్షరములు నేర్పుడు. బడిలో తెలుగు సన్నగిల్లుచున్న మనకు ఇల్లే బడి. పిమ్మట లండను చూచినను మనది మనకు కనబడును.