శబ్దశాల ఎవరిది?

ఇరవయ్యో శతాబ్దపు ప్రయోగ సంగీతం గురించి, ముఖ్యంగా ఎలక్ట్రానిక్ సంగీతం గురించి, మన శిబిరంలో రెండు అభిప్రాయాలు చలామణీ అవుతున్నాయి. ఒకటి: అది కుళ్లిపోతున్న బూర్జువా సంస్కృతి పెట్టిన వికారపు కేక, రాగం లేదు, తాళం లేదు, ప్రజలకు అర్థం కాదు, కాబట్టి మనకు అక్కర్లేదు. రెండోది: అది కొద్దిమంది మేధావుల స్వతంత్ర సృష్టి, పారిస్‌లో ఒకరు, కొలోన్‌లో ఒకరు, న్యూయార్క్‌లో ఒకరు తలుపులు మూసుకుని తపస్సు చేస్తే పుట్టింది, దానికి వర్గమూ లేదు, రాజకీయమూ లేదు. మొదటి మాట మన పెద్దలు కొందరు అంటారు. రెండో మాట ఇంగ్లీషు పుస్తకాలు చదివిన మన యువ మిత్రులు అంటారు.

ఈ రెండూ పరస్పర విరుద్ధాలుగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకే తప్పు చేస్తున్నాయి. రెండూ శబ్దాన్ని చూస్తాయి. ఆ శబ్దం తయారైన చోటును చూడవు. ఆ యంత్రం ఎవరిది, దాన్ని ఎవరి డబ్బుతో కొన్నారు, ఎవరి చేతులు దాని మీద పని చేశాయి, చివరికి ఎవరి పేరు మిగిలింది అన్న ప్రశ్నలు రెండు పక్షాల వారూ వెయ్యరు. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఈ గొడవ ఎందుకంటే, కవిత్వంలో వస్తువు, రూపం అంటూ మనం ఏళ్ల తరబడి చేసిన వాదాలే ఇక్కడా వున్నాయి. మనం చేసిన పొరపాట్లూ ఇక్కడే మరింత స్పష్టంగా కనిపిస్తాయి.

మొదటి వాదాన్ని తీసుకుందాం. ప్రయోగ సంగీతం బూర్జువాల సొత్తు అనేవారు 1922 నవంబరు 7న బాకూ నగరంలో జరిగిందేమిటో తెలుసుకోవాలి. అక్టోబరు విప్లవం ఐదో వార్షికోత్సవం ఆ రోజు. ఆర్సెనీ అవ్రామొవ్ అనే స్వరకర్త నగరాన్నంతా వాద్యంగా మార్చాడు. కాస్పియన్ నౌకాదళపు ఓడల కూతలు, ఫ్యాక్టరీ సైరన్లు, రైలింజన్ల ఈలలు, ఫిరంగులు, జనసమూహపు గానం – అన్నిటినీ జెండాల సంజ్ఞలతో నడిపించాడు. కార్మికుణ్ణి తెల్లవారకముందే పనికి తరిమే సైరను ఆ రోజు కార్మికుడి పండుగకు పాడింది. రూపంలో ఇంతకంటే సాహసమైన ప్రయోగం ఆనాడు ఏ బూర్జువా రాజధానిలో జరిగింది?

అదే సంవత్సరం లెవ్ తెర్మెన్ అనే యువ భౌతికశాస్త్రజ్ఞుడు, చెయ్యి తాకకుండానే పలికే తన విద్యుత్ వాద్యాన్ని లెనిన్‌కు చూపించాడు. లెనిన్ స్వయంగా వాయించటానికి ప్రయత్నించాడు కూడా. కాబట్టి ఎలక్ట్రానిక్ సంగీతపు తొలి అధ్యాయాల్లో ఒకటి మన వైపునే రాశారు. దాన్ని చింపింది కూడా మన వైపు వాళ్లే. తెర్మెన్ అమెరికాలో దాదాపు 10 ఏళ్లుండి 1938లో స్వదేశానికి తిరిగివస్తే, 1939లో అతణ్ణి అరెస్టు చేశారు. తరువాత, ఖైదీలైన శాస్త్రజ్ఞులు పనిచేసే పరిశోధనాలయంలో పెట్టి రహస్యంగా మాటలు వినే పరికరాలు చేయించారు. తాకకుండా పాడే వాద్యాన్ని కనిపెట్టినవాడు కనపడకుండా వినే చెవిని తయారు చెయ్యవలసి వచ్చింది.

1948 ఫిబ్రవరిలో వెలువడిన తీర్మానం సంగతి చాలామందికి తెలిసిందే. మురదేలి రాసిన ఒక ఆపెరాను సాకుగా తీసుకుని, షొస్తకోవిచ్, ప్రొకోఫియెవ్, ఖచతుర్యాన్ వంటి వాళ్లమీద రూపవాదులన్న ముద్ర వేశారు. పదేళ్ల తరువాత, 1958లో, ఆ ముద్ర అన్యాయమని పార్టీ కేంద్ర కమిటీయే ఒప్పుకున్నది. మాస్కోలో ఒప్పుకున్న తప్పును మనం మాత్రం ఇంకా సిద్ధాంతంగా వల్లె వేస్తున్నాం! పైగా ఆ కాలంలోనే యెవ్గెనీ మూర్జిన్ అనే సైనిక ఇంజనీరు, 1938 నుంచీ తన మనసులో మెదులుతున్న యంత్రాన్ని 1950ల చివరికి పూర్తి చేశాడు. నల్లని పూత పూసిన గాజుపలక మీద గీతలు గీస్తే, ఆ గీతల గుండా ప్రసరించే కాంతి 720 స్వరాలలో కావలసిన వాటిని పలికిస్తుంది. తర్కోవ్‌స్కీ తీసిన ‘సొలారిస్’ (1972) చిత్రంలో ఆర్తెమ్యెవ్ వాడింది ఆ యంత్రాన్నే. సోషలిజం ప్రయోగాన్ని సహించదనే శత్రువూ, సహించకూడదనే మిత్రుడూ ఈ గాజుపలక ముందు ఏం జవాబు చెబుతారు?

ఐతే మొదటి వాదంలో సత్యం బొత్తిగా లేదా? వున్నది, దాన్ని దాచటం నిజాయితీ కాదు. రణగొణ ధ్వనుల కళను గురించి 1913లో ప్రకటన రాసిన రుస్సోలో, యుద్ధాన్ని కీర్తించిన ఇటలీ ఫ్యూచరిస్టుల ముఠాలోవాడు. ఆ ముఠానాయకుడు మరినెట్టి తరువాత ముస్సోలినీ పంచన చేరాడు. మనిషి గొంతును విద్యుత్తుగా విడదీసి మళ్లీ కూర్చే వోకోడర్ అనే సాధనం బెల్ టెలిఫోన్ ప్రయోగశాలలో పుట్టి, 1943 నుంచి అమెరికా సైన్యపు రహస్య సంభాషణలకు పనికివచ్చింది. పాటల్లోకి ఆ తరువాతే వచ్చింది. న్యూయార్క్‌లో కొలంబియా, ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి ఎలక్ట్రానిక్ సంగీత కేంద్రం 1959లో రాక్‌ఫెలర్ ఫౌండేషన్ ఇచ్చిన 1,75,000 డాలర్లతో నిలిచింది. దాంతో సంబంధమున్న మిల్టన్ బాబిట్ 1958లో ఒక వ్యాసం రాస్తే, సంపాదకుడు దానికి ‘మీరు వింటే ఎవరికి కావాలి?’ అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఆ పేరు బాబిట్‌ది కాదని ఆయన అభిమానులు అంటారు. సరే, ఒప్పుకుందాం. కాని స్వరకర్త ప్రజల లోకం నుంచి తప్పుకుని, ఉన్నత గణితజ్ఞుడిలాగా విశ్వవిద్యాలయంలో తలదాచుకోవాలన్న వాదం మాత్రం ఆయనదే. రాక్‌ఫెలర్ సొమ్ము వున్నవాడికి శ్రోతతో పనిలేకపోవటంలో ఆశ్చర్యమేముంది?

దీన్నిబట్టి తేలేదేమిటి? సైరను బాకూలో ఒక పని చేసింది, ఫ్యూచరిస్టుల చేతిలో మరొక పని చేసింది. శబ్దానికి దానంతటదిగా వర్గం లేదు. శబ్దశాలకు వున్నది.

ఇక రెండో వాదం, మేధావుల తపస్సు. పాఠ్యగ్రంథాలన్నీ 1948తో మొదలుపెడతాయి: ఫ్రెంచి రేడియో ఇంజనీరు పియెర్ షెఫెర్, పారిస్‌లోని బతిన్యోల్ స్టేషన్‌లో రైళ్ల చప్పుళ్లు రికార్డు చేసి, వాటిని కోసి కూర్చి ఒక కృతి చేశాడు, ఆ అక్టోబరులో రేడియోలో ప్రసారమైంది, అదే ‘మ్యూజిక్ కాంక్రీట్’కు నాంది అంటారు. కాని అంతకు నాలుగేళ్ల ముందే, 1944లో, కైరోలో హలీం ఎల్-దాబ్ అనే యువకుడు రేడియో కేంద్రం నుంచి తీగ మీద రికార్డు చేసే యంత్రాన్ని ఎరువు తెచ్చుకుని, స్త్రీలు జరిపే జార్ అనే పూనకపు క్రతువులోని గానాన్ని రికార్డు చేసి, ఆ ధ్వనిని సాగదీసి, వడగట్టి, కొత్త రూపం ఇచ్చాడు. షెఫెర్ ప్రతిభను నేను తగ్గించటం లేదు. షెఫెర్‌కు రేడియో సంస్థ వున్నది, ప్రసారం వున్నది, సిద్ధాంతం ముద్రించే పత్రికలున్నాయి. ఈజిప్టు యువకుడికి ఎరువు తెచ్చుకున్న యంత్రం వున్నది. చరిత్రలో ‘మొదటివాడు’ అన్న బిరుదు ఎలా పంచబడుతుందో దీన్ని చూస్తే తెలుస్తుంది.

ఇంకొక సంగతి. షెఫెర్‌కు ఫ్రెంచి రేడియో, స్టాక్‌హౌజెన్‌కు కొలోన్ రేడియో, బేరియోకు, మదేర్నాకు మిలన్ రేడియో, ఇంగ్లండులో బి.బి.సి. – ఇవన్నీ ప్రభుత్వరంగ సంస్థలు. ఒంటరి మేధావి అని మనం పూజించేవాడు ప్రజల సొమ్ముతో కొన్న యంత్రాల మధ్య, జీతానికి పనిచేసే సాంకేతికుల మధ్య కూర్చున్నాడు. మిలన్ స్టూడియోలో దాదాపు ప్రతి కృతి వెనుకా వున్న చెయ్యి మరినో జుక్కేరి అనే సాంకేతికుడిది. కృతుల జాబితాల్లో అతనెక్కడ?

డీలియా డార్బిషర్ కథ మరీ అన్యాయం. కేంబ్రిడ్జిలో గణితమూ సంగీతమూ చదివిన ఈమెతో 1959లో డెక్కా రికార్డు కంపెనీ, తమ స్టూడియోల్లో ఆడవాళ్లను పెట్టుకోమని చెప్పింది. తరువాత బి.బి.సి.లో చేరి, రేడియోఫోనిక్ వర్క్‌షాపులో 1963లో ‘డాక్టర్ హూ’ ధారావాహికకు శీర్షిక సంగీతం తయారుచేసింది. సింథసైజర్లు బజారులోకి రాని కాలం. ఒక్కొక్క స్వరాన్నీ విడిగా పుట్టించి, టేపు మీద రికార్డు చేసి, కొలతపెట్టి కత్తిరించి, ముక్కకు ముక్క అతికించి చేసిన పని అది. బాణీ కాగితం మీద రాసిన రాన్ గ్రెయినర్ తన రాబడిలో సగం ఆమెకిమ్మన్నాడు. సంస్థ నియమాలు ఒప్పుకోలేదు: వర్క్‌షాపు ఉద్యోగి పేరులేని ఉద్యోగి. తెరమీద ఆమె పేరు పడింది 2013లో. ఆమె చనిపోయింది 2001లో. ఇటువంటి దానికి మార్క్స్ విద్యార్థులు వేరే పేరు వెతుక్కోనక్కర్లేదు. శ్రమ ఒకరిది, ఫలం ఒకరిది.

ఇప్పుడు అసలు సమస్యకు వద్దాం. శ్రామికవర్గ దృక్పథం వున్న కళాకారుడు ఈ శబ్దశాలలో ఏం చెయ్యగలడు? లుయీజీ నోనో చేసి చూపించాడు. ఇటలీ కమ్యూనిస్టు పార్టీలో 1952 నుంచి సభ్యుడు. 1964లో జెనోవా దగ్గర కోర్నిల్యానో ఇటాల్‌సీదర్ ఉక్కు కర్మాగారానికి వెళ్లి, కొలుముల హోరునూ, యంత్రాల మోతనూ, కార్మికుల మాటలనూ రికార్డు చేశాడు. మిలన్ స్టూడియోలో జుక్కేరి తోడ్పాటుతో వాటిని ఎలక్ట్రానిక్ ధ్వనులతో కలిపాడు. ఆ టేపు ఒకవైపు, ఒక స్త్రీ కంఠం మరొకవైపు. అదే ‘లా ఫాబ్రికా ఇల్యూమినాతా’ – వెలుగు నిండిన కర్మాగారం అని చెప్పుకోవచ్చు. 1964 సెప్టెంబరులో వెనిస్‌లో ప్రదర్శించాడు. అక్కడితో ఆగక కార్మికులకు వినిపించి, వాళ్లతో చర్చించాడు.

ఇందులో గమనించవలసింది, నోనో కార్మికుడి కోసమని తన విద్యను పలచన చెయ్యలేదు. రోజుకు ఎనిమిది గంటలు కొలిమి ముందు నిలబడే మనిషికి కఠినమైన శబ్దం అర్థం కాదనటం ఎంత హాస్యాస్పదం! ఆ శబ్దం అతని చెవుల్లో ఎప్పుడూ మోగుతూనే వున్నది. కచేరీహాలు శ్రోతకు అది వింత; అతనికది బతుకు. తన చెవులు మొద్దుబారేటట్టు చేసే ఆ మోతను తన ముందు పెట్టి, ఇదేమిటో విని చెప్పు అన్నప్పుడు, అతను మొదటిసారి దానికి బానిసగా కాక విమర్శకుడిగా నిలబడతాడు. కళ చెయ్యవలసిన పని ఇంతకంటే ఏమున్నది?

దీనికి ఎదురుగా కొందరు కోర్నీలియస్ కార్డ్యూను చూపుతారు. స్టాక్‌హౌజెన్‌కు సహాయకుడుగా పనిచేసి, 1969లో స్క్రాచ్ ఆర్కెస్ట్రా స్థాపించి, పిమ్మట మార్క్సిస్టుగా మారి, 1974లో స్టాక్‌హౌజెన్ సామ్రాజ్యవాదానికి సేవ చేస్తున్నాడని పుస్తకం రాశాడు. తన పాత రచనలను కూడా అందులో వదలలేదు. ఆ నిజాయితీకి నమస్కారం. కాని అతను వెళ్లిన దారి నాకు సమ్మతం కాదు. పాత మోస్తరు బాణీకి కొత్త నినాదం తగిలిస్తే అది ప్రజాసంగీతం అవుతుందనుకున్నాడు. మన దగ్గర బుర్రకథను ఉద్యమం చేపట్టినప్పుడు నాజర్ చేసింది అది కాదు. కథనూ, నడకనూ, హాస్యాన్నీ, రాజకీయాన్నీ కలిపి ఆ రూపాన్నే కొత్తగా నిలబెట్టాడు. రూపాన్ని ముట్టుకోకుండా వస్తువును మార్చినవాడు సగం పనే చేస్తాడు.

కంపెనీల యంత్రాలు కంపెనీలు అనుకున్నట్టే వుంటాయనీ లేదు. జమైకాలో రేడియోలూ ఆంప్లిఫయర్లూ బాగుచేసే కింగ్ టబ్బీ, ఒక పెద్ద స్టూడియో వదిలించుకున్న పాత మిక్సింగ్ బల్లను ఇంట్లో పెట్టుకుని, 1970లలో ‘డబ్’ అనే కొత్త సంగీతాన్నే సృష్టించాడు. జపాను రోలండ్ కంపెనీ గిటారు వాయించేవాళ్లకు తోడుగా ఒక చిన్న బాస్ యంత్రం చేస్తే అది అమ్ముడుపోలేదు; 1984లో తయారీ ఆపేశారు. చౌకగా పాతసామాన్ల దుకాణాలకు చేరిన ఆ యంత్రంతో షికాగో నల్లజాతి యువకులు 1987లో ‘ఆసిడ్ ట్రాక్స్’ చేశారు. కార్ల ఫ్యాక్టరీలు మూతపడుతున్న డెట్రాయిట్ ప్రాంతంలో జువాన్ ఆట్‌కిన్స్, అతని మిత్రులు టెక్నోను పుట్టించారు. రాక్‌ఫెలర్ సొమ్ము లేదు, విశ్వవిద్యాలయం లేదు. అయినా శతాబ్దపు చివరి భాగంలో ప్రపంచం చెవిని మార్చింది వీళ్లే. ప్రజలకు ప్రయోగం అర్థం కాదనేవారికి ఇంతకంటే పెద్ద చెంపపెట్టు లేదు.

మన దేశం సంగతీ చెప్పాలి. అహ్మదాబాదు జాతీయ డిజైన్ సంస్థలో 1969లో అమెరికన్ వాద్యకారుడు డేవిడ్ ట్యూడర్ సహాయంతో మూగ్ సింథసైజర్‌తో ఒక స్టూడియో ఏర్పడింది. గీతా సారాభాయి, ఐ.ఎస్. మాథుర్, అతుల్ దేశాయి, జిన్‌రాజ్ జోషీపురా, ఎస్.సి. శర్మ అక్కడ పనిచేశారు. 1972తో ఆ పని ఆగిపోయింది. ఆ టేపులు దాదాపు 50 ఏళ్లు అలమారలో పడివుండి, 2023లో గాని రికార్డుగా బయటికి రాలేదు. ఈ గీతా సారాభాయే 1946 ప్రాంతంలో న్యూయార్క్‌లో జాన్ కేజ్‌కు భారతీయ సంగీతం నేర్పింది. కేజ్ నిశ్శబ్దం గురించి మన యువ మిత్రులు గంటలకొద్దీ మాట్లాడతారు. ఆమె టేపుల నిశ్శబ్దం గురించి ఎవరు మాట్లాడారు? ఆ స్టూడియో బయటి జనంతో సంబంధం లేకుండా, విదేశీ సాయం మీద బతికింది. అందుకే అడిగేవాడు లేక మూతపడింది. ఇది ప్రయోగం ఓటమి కాదు, పునాది లేని శబ్దశాల ఓటమి.

నేడు మా విద్యార్థి సెల్‌ఫోన్‌లో వున్న శక్తి ఒకనాటి కొలోన్ స్టూడియోకు లేదు. కాబట్టి సమస్య తీరిపోయిందని కొందరు సంబరపడుతున్నారు. ఎక్కడ తీరింది? యంత్రం చేతికి వచ్చింది, దాని మీద పెత్తనం రాలేదు. పాట చేసే సాఫ్ట్‌వేర్‌కు నెలనెలా అద్దె కట్టాలి, పాట వినిపించే వేదిక కంపెనీది, లెక్కలు కంపెనీవి. లోకంలోని పాటలన్నీ మింగి కొత్త పాటలు వండే యంత్రాల మీద 2024లో పెద్ద రికార్డు కంపెనీలు కోర్టుకెక్కాయి. కంపెనీ మీద కంపెనీ వ్యాజ్యం వేసింది. పాడినవాడు ఆ వ్యాజ్యంలో ఆస్తి మాత్రమే, కక్షిదారు కాదు. డార్బిషర్‌కు జరిగిందే, మరింత పెద్ద ఎత్తున.

అందుచేత మిత్రులకు నా మనవి ఇది. కొత్త శబ్దం విన్నప్పుడు చెవులు మూసుకోవటమూ వద్దు, చేతులు జోడించటమూ వద్దు. ఈ శబ్దశాల ఎవరిది? ఇందులో ఎవరు పనిచేశారు? వాళ్ల పేరేమైంది? ఈ శబ్దం ఎవరి చెవికి చేరుతున్నది, ఎవరిని దూరంగా పెడుతున్నది? తరగతిలో కవిత్వాన్ని అడిగే ప్రశ్నలే వీటినీ అడగండి. రూపాన్ని శత్రువుకు వదిలేసి వస్తువును మాత్రం మనం వుంచుకుందామనే బేరం బాకూలో అక్కర్లేకపోయింది, కోర్నిల్యానోలో అక్కర్లేకపోయింది. సైరను వాళ్లదే కావచ్చు. దాన్ని ఎప్పుడు, ఎందుకు మోగించాలో నిర్ణయించే హక్కు కోసమే మన పోరాటం.