చెంబులో నీళ్ళు

కారు జబ్బుల గురించి ఈ పేజీలో రాయవలసి వస్తుందని నేననుకోలేదు. కాని గత రెండు నెలలుగా మా ఇంట్లో వేరే మాట లేదు. తండ్రీ కొడుకులం మాట్లాడుకోవడం మానేసేదాకా వచ్చింది వ్యవహారం.

మా అమ్మకు ఎనభై నాలుగేళ్ళు. నెలకొకసారి కంటి వైద్యానికి విశాఖపట్నం తీసుకువెళ్ళాలి. దేవరాపల్లి నుంచి చోడవరం, అనకాపల్లి మీదుగా ప్రయాణం. ఆవిడ మరో బండి ఎక్కదు. నాన్నగారు 1974లో కొన్న అంబాసిడరే కావాలి. ఆ కార్లు చేసిన ఉత్తరపారా కర్మాగారం 2014లో మూతపడింది కదా, సామాన్లు దొరకవంటే, "మీ నాన్న ఉన్నప్పుడు మాత్రం దొరికాయా?" అంటుంది.

పాత ఇంజను చేతులెత్తేస్తే, హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి సొంత డబ్బు పెట్టి దానికి ఇసుజు ఇంజనూ, అయిదు గేర్ల పెట్టే పెట్టించాడు. 1990లలో ఆ కంపెనీవారే అదే ఇంజనుతో అంబాసిడర్లు తెచ్చారు కనుక అది మరీ వింత పనేం కాదు. రవాణా శాఖవారి అనుమతి తీసుకుని రిజిస్ట్రేషను కాగితాల్లో కూడా రాయించాడు. కుర్రాడు జాగ్రత్తపరుడే. అయితే కొత్త గేరుపెట్టె పొడుగు వేరు. అందుచేత దాని నుంచి వెనక చక్రాల హౌసింగుకి వెళ్ళే పొడుగాటి షాఫ్టుని పట్నంలో ఒక షాపువారు కోసి అతికి ఇచ్చారు.

మొదటి ప్రయాణంలోనే అమ్మ మరచెంబు మూత తీసి, తాగబోయి ఆగిపోయింది. నీళ్ళ మీద సన్నని అలలు. "ఇదేమిట్రా, గోతుల్లో బాగానే ఉంది గాని, రోడ్డు నున్నగా ఉన్నచోటే అదురుతోంది!" అంది.

ఆ మాటలోనే సగం రోగనిర్ణయం ఉందని అప్పుడు నాకు తెలియలేదు. గోతుల్లో ముప్ఫైకి మించం. అనకాపల్లి దాటి జాతీయ రహదారి ఎక్కాక యాభై అయిదు దగ్గర మొదలై, డెబ్భైకి సీట్లు జివ్వుమనేవి. మా రైవాడ జలాశయం నీళ్ళు విశాఖపట్నం వెళ్ళినంత సాఫీగా మేము మాత్రం వెళ్ళలేకపోయాం.

నేను టైర్లన్నాను. రెండు కొన్నాను. చక్రాలకు బేలన్సు చేయించాను. ముందువి వెనక్కీ, వెనకవి ముందుకీ మార్పించాను. ఏమీ తగ్గలేదు. ఇక తప్పు ఇంజనుదేనని తీర్మానించి, అబ్బాయికి ఫోను చేసి, తాతగారి కారు పాడుచేశావన్నాను. అంత మాట అనకుండా ఉండవలసింది.

చివరికి మా ఊళ్ళోనే ఉన్న మెకానిక్కు దగ్గరకు తీసుకువెళ్ళాను. నా దగ్గర ఎనిమిదో తరగతిలో లెక్కలు తప్పినవాడే. బానెట్టు ఎత్తనైనా ఎత్తలేదు. "ఓపాలి రోడ్డెక్కుదాం రండి మేస్టారూ," అన్నాడు.

అతను చేసినది వివరంగా చెబుతాను, మీలో పాత బళ్ళు ఉన్నవారికి పనికొస్తుంది. ముందు బండి నిలబెట్టి ఇంజను రేజు చేశాడు. అదురు లేదు. తరవాత ఖాళీగా ఉన్న తిన్నని రోడ్డు మీద అరవై వేగాన్ని మూడో గేరులో ఒకసారి, నాలుగులో ఒకసారి, అయిదులో ఒకసారి నడిపాడు. మూడింట్లోనూ ఇంజను తిరిగే జోరు వేరు, అదురు మాత్రం ఒక్కటే. ఆపైన డెబ్భైలో ఇంజను ఆపకుండా గేరు న్యూట్రల్‌కి తెచ్చి వదిలాడు. ఇంజను చప్పుడు పడిపోయింది, సీటు కింద జివ్వుమనడం పోలేదు.

"ఇంజన్ది కాదండి. బండి ఎంత జోరుగా పోతే ఇదంత జోరుగా కొడతంది. ఇంక చక్రమేనా కావాలి, షాఫ్టేనా కావాలి," అన్నాడు.

ఆ రెండింటినీ ఎలా విడదీశాడో చూడండి. అరవై వేగమంటే నిమిషానికి కిలోమీటరు. మా టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. అంటే నిమిషానికి 500 చుట్లు, సెకనుకు ఎనిమిది. వెనక చక్రాలు రెండూ లేపి సుద్దముక్కతో గీతలు పెట్టి తిప్పితే, చక్రం ఒక చుట్టు తిరిగేసరికి షాఫ్టు నాలుగున్నర తిరిగింది. అంటే అది సెకనుకు ముప్ఫైఏడు చుట్లు. టైరు దోషమైతే దడదడమని దెబ్బలు విడివిడిగా తెలుస్తాయి. మాది తుమ్మెద రొద. లెక్కలు తప్పినవాడి దగ్గర లెక్కల మాస్టారుకి పాఠమన్నమాట.

బండిని గొయ్యి మీదకు తెచ్చి, చక్రాలు నేల మీదే ఉండగా కిందకి దిగాడు. "మామూలుగా ఎవరు కూకుంటారో వోళ్ళని కూకోమనండి. బరువు మీదుంటేనే కమాను కట్టలు అసలు ఎత్తులో ఉంటాయి," అన్నాడు. అమ్మను పిలిపించి వెనక సీట్లో కూర్చోబెట్టాం. మా మనుమరాలి జామెట్రీ పెట్టెలోని కోణమానినికి దారం, గుండు కట్టి ముందు, వెనక వాలు కొలిచాడు. ముందు జాయింటు దగ్గర వంపు ఆరు డిగ్రీలు, వెనక మూడు. గేరుపెట్టె తోక కింద ఎవరో ఎత్తుకి దళసరి ఇనపపట్టీ వేశారు.

ఆ జాయింటు కథ పాతదే. పదహారో శతాబ్దపు ఇటలీ పండితుడు కార్డానో, పదిహేడో శతాబ్దపు ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్‌ల పేర్లతో పిలుస్తారు. నడిమధ్య ఒక శిలువ, దాన్ని అటూ ఇటూ పట్టుకుని రెండు కవ్వాలలాంటి కొమ్ములు. వంపులో తిరిగేటప్పుడు దీనికొక చపలత్వం ఉంది. ఇటు సమంగా తిప్పినా, అటు చుట్టుకి రెండుసార్లు తొందరపడి రెండుసార్లు నిదానిస్తుంది. అందుకే షాఫ్టుకి రెండు కొసలా రెండు పెడతారు. ముందుది తొందరపడ్డప్పుడు వెనకది నిదానించి సరిచేస్తుంది. కాపురాలు నిలబడేదీ ఈ సూత్రం మీదే అనుకోండి. అయితే రెండు షరతులు. వంపులు రెండూ సమానంగా ఉండాలి. షాఫ్టు రెండు కొసల కొమ్ములూ ఒకే వరసలో ఉండాలి.

మాకు రెండూ తప్పాయి. అతుకు వేసినప్పుడు వెనక కొమ్ము ఒక పక్కకి తిరిగిపోయింది. పైగా ఇలాంటి అదురు వేగంతో సమానంగా పెరగదు. వేగం రెట్టింపయితే దాని బలం నాలుగింతలవుతుంది. చోడవరం దాకా గమనించనిది రహదారి మీద ప్రాణం తీసిందంటే అందుకే.

షాఫ్టు విప్పి, ముందు శిలువ చేతిలో పెట్టాడు. మూత చుట్టూ ఎర్రటి పొడి. లోపలి సన్నని సూదుల్లాంటి రోలర్లు సగం తుప్పై రాలిపోయాయి. "ఇది ఇరిగితే ముందు కొస రోడ్డు మీద పడి గునపంలాగ దిగిపోద్దండి. మామ్మగారు వెనకాల కూకుంటారు గదా," అన్నాడు. ఇంకేమీ అనలేదు. నేనూ అనలేకపోయాను. రెండు నెలల్లో రెండుసార్లు ఆవిణ్ణి అలాగే తీసుకువెళ్ళాను, టైర్ల గురించి మాట్లాడుకుంటూ.

అతుకు మళ్ళీ కోయించి, కొమ్ములు వరసలో పెట్టించి, విశాఖలో మిషను మీద బేలన్సు చేయించాం. కొత్త శిలువలు రెండు. గేరుపెట్టె కింద ఇనపపట్టీ తీసేస్తే వంపులు దాదాపు సమానమయ్యాయి.

ఆ రాత్రి అబ్బాయికి ఫోను చేశాను. "ఇంజను మంచిదేరా," అన్నాను. కాసేపు ఊరుకుని, "షాఫ్టుకి ఎంతయింది నాన్నా? పంపిస్తాను," అన్నాడు. అక్కర్లేదన్నాను. మామ్మకి ఇమ్మన్నాడు ఫోను.

మొన్న వెళ్ళినప్పుడు డెబ్భైలో అమ్మ మరచెంబు మూత తీసి చూసింది. తాగింది. ఎనభై దాటితే మాత్రం ఎక్కడో ఇంకా సన్నగా పలుకుతోంది. ఎనభై దాటితే ఆవిడ ఊరుకోదు లెండి.