అన్న కువైట్‌లో ఉంటే తమ్ముడు అనుమానితుడా?

గౌతమి వంతెన దాటి రావులపాలెంలో అడుగుపెడితే కోనసీమ మొదలవుతుంది. కువైట్, మస్కట్, దుబాయ్‌ల నుంచి వచ్చే డబ్బుతో పొయ్యి వెలిగే ఇళ్లు ఈ సీమలో ఊరూరా ఉన్నాయి. వాటిలో మన ఇళ్లూ అనేకం.

గత నెలలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగానికి ఎంపికైన ఒక యువకుడు అటెస్టేషన్ ఫారం పట్టుకొని తల్లితో సహా మా ఇంటికి వచ్చాడు. "చాచా, మా భయ్యా కువైట్‌లో ఉన్నాడని రాయాలా? రాస్తే ఉద్యోగం పోతుందేమో!" అని అడిగాడు. "ఊరి చిరునామా రాసేయ్ బేటా, ఎవరు చూస్తారు?" అన్నది తల్లి. దశాబ్దాలపాటు గుమాస్తాగా ఇటువంటి ఫైళ్లు చూసిన నాకు ఆమె మాటలో మోసం కనబడలేదు, భయమే కనబడింది.

ఆ భయం నిష్కారణమైనది కాదు. దేశ విభజన ఎన్నో ముస్లిం కుటుంబాలను సరిహద్దుకు ఇరువైపులా చీల్చింది. తండ్రి, తల్లి, భార్య లేక భర్త, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల జాతీయత, జన్మస్థలం, చిరునామాలను ఆ ఫారం అడుగుతుంది. విదేశంలో చదివే, నివసించే సంతానం వివరాలనూ అడుగుతుంది. అడిగే హక్కు ప్రభుత్వానికి ఉన్నది. దేశ రహస్యాలు చేతిలో ఉన్న ఉద్యోగిని పరాయి దేశంలోని బంధువు ద్వారా ఒత్తిడికి గురిచేసే ప్రమాదాన్ని కాదనలేము. అయితే ఆ ప్రమాదం ఏ మతస్థునికైనా ఒకటే. అమెరికాలో కొడుకు ఉండటం గౌరవమై, కువైట్‌లో అన్న ఉండటం అనుమానమైతే, దానిని భద్రత అనరాదు, వివక్ష అనవలెను.

రాజ్యాంగంలోని 16(2) అధికరణం మతం, జన్మస్థలంతోపాటు వంశం కారణంగా కూడా ప్రభుత్వ ఉద్యోగంలో వివక్ష చూపరాదని చెబుతున్నది. 1983లో రామశంకర్ రఘువంశీ కేసును గుర్తుచేసుకోవాలి. ఆర్.ఎస్.ఎస్., జనసంఘ్ కార్యక్రమాలలో పాల్గొన్నాడన్న పోలీసు నివేదికపై మధ్యప్రదేశ్‌లో ఒక ఉపాధ్యాయుని తొలగించారు. ఆ తొలగింపు చెల్లదన్న సుప్రీంకోర్టు తీర్పును మన తెలుగు న్యాయమూర్తి ఓ. చిన్నప్పరెడ్డి రాశారు. ఆ ఉపాధ్యాయుని భావాలతో మనకు ఏకీభావం లేకపోవచ్చు, కాని ఆయనకు దక్కిన న్యాయమే మన బిడ్డలకూ రక్ష. హోంశాఖ భద్రతా అనుమతి నిరాకరించినందున మూతపడవలసి వచ్చిన కేరళలోని మీడియా వన్ చానెల్ కేసులో, 2023 ఏప్రిల్ 5న అదే న్యాయస్థానం మరొక మాట స్పష్టం చేసింది: ఆధారం లేకుండా, కారణం చెప్పకుండా జాతీయ భద్రత పేరు చెప్పి హక్కులను కాదనరాదు.

కనుక ప్రభుత్వాన్ని మనం కోరేది మినహాయింపు కాదు. బంధుత్వం ఎంత దగ్గరిది, ఉద్యోగం ఎటువంటిది, అభ్యర్థి సొంత నడవడి ఏమిటి అన్నవి చూసి నిర్ణయించాలి. నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా తెలిపి, జవాబు చెప్పుకొనే అవకాశం ఇవ్వాలి.

మన బాధ్యత కూడా ఉన్నది. తప్పుడు సమాచారం ఇచ్చినా, దాచినా అనర్హులవుతారని ఆ ఫారం పైభాగంలోనే హెచ్చరిక ఉంటుంది. ఉద్దేశపూర్వకంగా దాచిన వారిని తొలగించవచ్చునని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అన్న కువైట్‌లో ఉండటం నేరం కాదు, కాని ఆ సంగతి దాచితే అదే నేరంలా నిలుస్తుంది. అడిగిన ప్రతి గడినీ నిజంతో నింపండి. నకలు ఒకటి దాచుకోండి. నిరాకరణ వస్తే కారణం కోరుతూ అర్జీ పెట్టండి. ప్రతి మస్జిద్ కమిటీ, ఫారాలు నింపడం తెలిసిన విశ్రాంత ఉద్యోగి ఒకరిని శుక్రవారం నమాజు తర్వాత గంటసేపు కూర్చోబెట్టాలి.

సచార్ కమిటీ 2006లో లెక్క చెప్పింది: జనాభాలో మనం 13.4 శాతం, ఐఏఎస్‌లో 3 శాతం, ఐపీఎస్‌లో 4 శాతం. భయపడి ఫారం దగ్గరే వెనుదిరిగే ప్రతి బిడ్డతో ఆ లెక్క ఇంకా తగ్గుతుంది.

ఆ యువకుడు అన్న కువైట్ చిరునామాను పూర్తిగా రాసి సంతకం చేశాడు. ఇక జవాబు చెప్పవలసినది ప్రభుత్వమే.